నేనెత్తిన కుక్కపిల్ల

శ్రావణి ఫోను తెచ్చి నా కళ్ల ముందు పెట్టింది. అందులో ఒక కుక్కపిల్ల. తెల్లగా దూదిపింజలా ఉంది, మెడకు ఎర్ర రిబ్బను. "చూడు అమ్మమ్మా, ఎంత ముద్దుగుందో. మన బాన్సువాడలనే, బోధన్ రోడ్డు మీద ఒకాయన అమ్ముతుండు. ఫోన్ చేస్తే ఇంటికే తెచ్చిస్తడంట," అంది. ముద్దుగానే ఉంది, కాదనను. కానీ నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "దీని తల్లేది?" అని. ఆ పిల్ల నవ్వింది. "ఫోటోల తల్లి ఎందుకుంటది? మనం తల్లిని కొంటున్నమా?" అంది. అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతున్న మా చెల్లె సాయవ్వ చేట అక్కడే వదిలేసి, లోపలికి వెళ్లి తలుపు గొళ్లెం పెట్టుకుంది.

మా ఆయన పోయి ఏడాది దాటింది. కూతురూ అల్లుడూ పొద్దున్నే కొలువులకు వెళ్తారు, మనవరాలు శ్రావణి కాలేజీకి వెళ్తుంది. ఇంత ఇంట్లో మేమిద్దరం ముసలివాళ్లం, నేనూ సాయవ్వా, చెరొక గోడకు ఆనుకుని కూర్చుంటాం. సాయవ్వకు పిల్లల్లేరు, మొగుడు పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటుంది. ఒక కుక్క ఉంటే ఇల్లు సందడిగా ఉంటుందని శ్రావణి ఆశ. అందులో తప్పేమీ లేదు. అయితే సాయవ్వ ముఖం చూసిన వాళ్లెవరూ మా ఇంట్లో కుక్క మాట ఎత్తరు. ఎడమ పక్క పెదవి కొస నుంచి చెవి దాకా ఆమె చెంప గుంజి కుట్టిన గోనెసంచిలా ఉంటుంది. ఆ పక్క నోరు మూతపడదు. తాగిన నీళ్లు కారిపోతాయని ఇన్నేళ్లుగా గోడ వైపు తిరిగి తాగుతుంది. ఆమె ముఖాన్ని అలా చేసిన కుక్కను ఎంచి తెచ్చింది నేను. ఆ రోజు దాని గొలుసు విప్పింది కూడా నేనే. ఈ రెండో మాట మమ్మల్ని కన్న మా అవ్వకూ నాకూ తప్ప మొన్నమొన్నటి దాకా ఇంకొకరికి తెలియదు. నాకు సంతకం తప్ప రాత రాదు. అందుకే నేను చెబుతుంటే శ్రావణి రాస్తోంది. ఏది వచ్చినా చెయ్యి ఆపకు బిడ్డా అని ముందే చెప్పాను.

నిజాంసాగర్ కాలువ కింద మాకు రెండు మళ్లుండేవి. ఇల్లంటే ఒక గుడిసె, పక్కన బర్రెల కొట్టం, అంతే. మా అవ్వ పొద్దున లేచి వాకిట్లో పేడనీళ్లు చల్లి, పొయ్యి మీద జొన్నరవ్వ గట్కకు ఎసరు పెట్టి, ఆ ఎసరు మరిగేలోపే తడి గోనెపట్టా విప్పి తునికాకు కత్తిరించడానికి కూర్చునేది. ఒళ్లో చేట, చేటలో తంబాకు. ఆమె వేళ్లు బీడీలు చుడుతూనే ఉండేవి, నోరు మాతో మాట్లాడుతూనే ఉండేది, చెవులు మాత్రం వాకిలి మీద ఉండేవి. నానిన ఆకు వాసన, తంబాకు ఘాటు, ఉడుకుతున్న జొన్నగట్క ఆవిరి, ఈ మూడూ ఎక్కడైనా ఒక్కచోట తగిలితే అవ్వ వచ్చి పక్కన నిలబడినట్టే ఉంటుంది నాకు. నాయిన గుమ్మంలో అడుగుపెట్టే ముందు గొంతు సవరించుకునేవాడు. ఆ చప్పుడు వినగానే అవ్వ చేట పక్కకు జరిపేది, నేను చెంబు నీళ్లతో నిలబడేదాన్ని, నాలుగేళ్లయినా నిండని సాయవ్వ నా లంగా పట్టుకుని వెనక దాక్కునేది. ఆ రోజు ఏ ముఖంతో వచ్చాడో తెలిసేదాకా ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్లం. ఉప్పు తక్కువైతే చెంబు ఎగిరేది. ఎదురు మాట వస్తే ఎడ్లను తోలే ముల్లుకర్ర లేచేది. అవ్వ వీపు మీద ఆ కర్ర మొన దిగిన మచ్చలు నేను తలంటేటప్పుడు లెక్కపెట్టేదాన్ని. వాడలో అన్ని ఇళ్లల్లోనూ ఇదే తీరు కనుక దానికి కొట్టడం అనే పేరు కూడా పెట్టలేదు మేము. మగవాడి కోపం అనేవాళ్లం, వాన అన్నట్టు, ఎండ అన్నట్టు.

ఆ ఏడు వరి పొట్టకు వచ్చిన వేళ అడవిపందులు పడి మడిలో సగం తొక్కేశాయి. అడ్డం పోయిన మా నల్లకుక్క కడుపును ఒక పంది కోరతో చీరేసింది. పేగులు ఈడ్చుకుంటూ గట్టు దాకా వచ్చి అక్కడే పడిపోయింది. నాయిన దాన్ని పారతో ఎత్తి పూడ్చి, చేతులైనా కడుక్కోకుండా వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. అవ్వ నెమ్మదిగా మాట కదిపింది.

"ఎదురుంగ ఎంకటి ఇంటెనుక కుక్క ఈనింది. మంచి తల్లి. పిల్లగాండ్లు మీదెక్కి దొర్లినా ఏమనది. దాని పిల్లనొకదాన్ని తెచ్చుకుందమా?"

"ఏమనని కుక్క నాకెందుకే? పందులొస్తే దండం పెట్టి పీటేస్తదా?"

"మొరిగితే సాలు గదా. లేపుతది గదా మనల్ని..."

"నిన్నెవలడిగిండ్రే? నువ్వు మొరుగుతున్నవ్ సాలదా?"

కంచం వెళ్లి గోడకు తగిలింది. గోడ మీంచి జారుతున్న గట్కను అవ్వ చేత్తో తీసి చెంబులో వేసుకుంది, బర్రెకైనా పెట్టవచ్చని. ఆ రోజు మా ఇంట్లో జరిగింది ఇదే. ఎదురింటి మంచి తల్లి పిల్ల వద్దయింది. మహారాష్ట్ర దిక్కు డోంగ్లి ఊరు అవతల ఒకాయన దగ్గర పందుల వేట కుక్కలున్నాయని, అవి పట్టు పడితే ప్రాణం పోయినా విడవవని ఎవరో నాయినకు చెప్పారు.

నన్నెందుకు వెంట తీసుకుపోయాడంటే, మా వాళ్లలో ఒక పద్ధతి ఉండేది. కుక్కకు రోజూ ఎవరు తిండి పెడతారో, తల్లి దగ్గర నుంచి వాళ్ల చేతే పిల్లను ఎత్తించాలి. వేరే చెయ్యి ఎత్తితే అది ఇంటికి అంటదని నమ్మకం. కుక్కకు గట్క పెట్టేది నేను. అలా తొమ్మిదేళ్ల వయసులో నాయిన వెనకాల బస్సెక్కి, దిగి, చెరకు తోటల మధ్య నడిచి ఆ ఇంటికి వెళ్లాను. ఆ మనిషి పేరు దాదారావు. సగం మరాఠీ, సగం మన మాట. వాకిట్లోకి పోకముందే వాసన కొట్టింది, పచ్చి తోలు వాసన, కుళ్లిన నెత్తురు వాసన. గూటాలకు మూడు ఆడకుక్కలు కట్టేసి ఉన్నాయి. పిల్లల తల్లికి ఒక కన్ను లేదు. పొదుగు నేలకు ఈడ్చుకుంటోంది, ఎముకల మీద తోలు ఆరేసినట్టుంది. మమ్మల్ని చూసి ఎగిరి దూకితే గొలుసు పట్టి వెనక్కి లాగింది. ఆ మంటలో తన పిల్లనే ఒకదాన్ని కరిచి అవతల పడేసింది. ఇప్పుడు నా వయసులో ఉన్న ఏ మనిషైనా దాన్ని చూస్తే అయ్యో, దీనికి పిచ్చెక్కించారు అంటుంది. మా నాయిన మాత్రం తొడ చరుచుకున్నాడు. "అబ్బ, ఎంత పౌరుషం!" అన్నాడు.

పిల్లలకింకా కళ్లు తెరుచుకోలేదు. కళ్లు తెరిచేలోపు తీసుకుపోతే కొత్త యజమానినే తల్లి అనుకుంటుందని దాదారావు చెప్పాడు. "ఘ్యా, ఘ్యా, తీస్కో పోరీ. చెవు పట్టి లేపు. ఏడ్చిందా, ఇడిసెయ్. ఏడ్వలేదా, గదే అసలుది," అన్నాడు. మొదటిదాన్ని చెవి పట్టి ఎత్తాను, కీచుమంది. రెండోది కీచుమంది. ఒకటి పాకుతూ వచ్చి నా కాలి బొటనవేలు నోట్లోకి తీసుకుని చప్పరించింది. దాని నోటి వెచ్చదనం నాకు ఇప్పటికీ తెలుసు. అదే కావాలనిపించింది. కానీ చెవి పట్టగానే అది అందరికంటే గట్టిగా ఏడ్చింది. నాయిన మొహం చూసి కింద పెట్టేశాను. ఆఖరుదాన్ని ఎత్తితే నోరు తెరిచింది, గొంతు రాలేదు. గాలిలో అలాగే వేలాడింది. నాయిన పకపకా నవ్వి నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "నా బిడ్డ చెయ్యి మంచిది," అన్నాడు. ఆయన చెయ్యి కొట్టడానికి కాకుండా నా మీద పడటం నాకు తెలిసి అదే మొదలు. ఆ చేతి కోసం ఏ పిల్లనైనా ఎత్తేదాన్ని నేను. మేము బయలుదేరుతుంటే తల్లి మళ్లీ గొలుసు తెంపుకోబోయింది. దాదారావు పార తిరగేసి దాని మూతి మీద ఒక్కటిచ్చాడు. అది మూలగలేదు. కారుతున్న మూతితో, ఉన్న ఆ ఒక్క కంటితో నేను మలుపు తిరిగేదాకా చూసింది.

తరువాత ఏం చేశామో చెప్పాలంటే నాకే సిగ్గు. తెచ్చిన నెలకు, బర్రెపాలు మాని గట్క తింటున్నప్పుడు, నాయిన దాన్ని పీట మీద పెట్టి మంగలి కత్తితో రెండు చెవులూ కోశాడు. పందులు చెవులు పట్టుకోకుండా ఉండటానికని ఒక మాట, పౌరుషం రావడానికని ఇంకొక మాట. కోసిన ముక్కలు గట్కలో కలిపి నా చేతికిచ్చాడు. తన చెవులు తాను తింటే దయ పోతుందట. నేను కలిపి పెట్టాను, అది ఆకలికి తినేసింది. అప్పటి నుంచి గట్కలో కారం. బర్రెల కొట్టంలో మూలకు కట్టేసి, ముందర గోనెపట్టా వేలాడదీసి, మనిషి కనపడకుండా పెంచాడు. పొద్దుకొకసారి చెప్పుతో కొట్టి రెచ్చగొట్టి, పందితోలు ముక్క విసిరేవాడు. పేరు పులి అని పెట్టాడు. అది మొరిగేది కాదు. గొంతులో గరగర ఒకటే. నేనొక్కదాన్నే దాని దగ్గరికి వెళ్లేదాన్ని. నా చెయ్యి నాకేది, నా ఒళ్లో తల పెట్టేది. పులి నన్ను ఏమీ అనదని వాడంతా చెప్పుకుని తిరిగేదాన్ని. అవ్వ ఒకరోజు కొట్టంలో పేడ తీస్తుంటే ముంజేతికి పంటి గాట్లు పడ్డాయి. పసుపు అద్దుకుంటూ, "గిది కుక్క కాదు బిడ్డా, నీ నాయినను సూసి నేర్సుకున్నది," అంది మెల్లగా. నాయిన ఆ గాట్లు చూసి సంతోషపడ్డాడు. మరుసటి ఏడు కోతల ముందు అది ఒక పందిని వెంటపడి కాలువ దాటించింది. ఆ నాడు వాడంతా తిప్పి చూపించాడు.

ఆ కోతల రోజుల్లోనే ఒక మధ్యాహ్నం పూట, ఎండ నెత్తి మీదుంది. గట్క తీసుకుని కొట్టంలోకి వెళ్లాను. గొలుసు ఒరిపిడికి పులి మెడ పుండై, అందులో పురుగులు పడ్డాయి. చూడలేక, వేపాకు పసుపు నూరి తెచ్చాను. రాయడానికి గొలుసు అడ్డమొస్తే విప్పాను. నాయిన విప్పొద్దన్నాడని తెలుసు. నన్నేమీ అనదని కూడా తెలుసు. నా లంగా పట్టుకుని సాయవ్వ వచ్చిందన్న సంగతే మరిచిపోయాను. ఎప్పుడూ నా వెనకే ఉండేది కదా, నా తోకలాగా. తోక ఉందని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పళ్లెంలో గట్క మీదున్న రొట్టె ముక్క చూసి సాయవ్వ చెయ్యి పెట్టింది. నాకు వినపడింది గరగర ఒక్కటే. తిరిగి చూసేసరికి పులి నోట్లో నా చెల్లె ముఖం ఉంది. పళ్లెంతో కొట్టాను. మెడ చుట్టూ చేతులు వేసి వేలాడాను. పుండులో నా వేళ్లు దిగిపోయాయి, అయినా విడవలేదు. పట్టు పడితే విడవదని చెప్పే కదా తెచ్చుకున్నాం. అవ్వ రోకలితో ఉరికి వచ్చింది. నడుము మీద ఒకటి, రెండు, మూడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. నడుము విరిగాక కూడా అది సాయవ్వను ఈడ్చింది. నాలుగో దెబ్బ తల మీద పడ్డాక దవడ వదిలింది. పిల్ల చెంప వేలాడుతోంది, పళ్లు కనపడుతున్నాయి. పులి నా వైపు పాకి నా పాదం మీద మూతి పెట్టి చచ్చిపోయింది. దాని మీద నాకు కోపం రాలేదు. ఆ సంగతి కూడా ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు.

గొంతు సవరించిన చప్పుడు. నాయిన పిల్లను చూశాడు, కుక్కను చూశాడు, మూలన పడి ఉన్న గొలుసును చూశాడు.

"ఎవలిప్పిండ్రు గొలుసు?"

నేను నోరు తెరిచాను. గొంతు రాలేదు.

"నేనే ఇప్పిన," అంది అవ్వ. ఒళ్లో పిల్లను చీరె కొంగుతో అదుముకుని, నా వైపు చూడనైనా చూడకుండా అంది. "పేడ తియ్యనీకె అడ్డమొస్తే ఇప్పిన. కొడితే కొట్టు. పిల్లను దవాఖాన్లేసినంక కొట్టు."

ఆయన అంతసేపు ఆగలేదు. ముల్లుకర్ర అవ్వ భుజం మీద విరిగింది. ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నిలబడింది. నేను గుంజకు ఆనుకుని చూస్తూ ఉన్నాను. తర్వాత బండి కట్టుకుని బాన్సువాడ దవాఖానకు తీసుకుపోయారు. కుట్లు వేశారు. ఆ రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. పద్నాలుగు రోజులు ఎత్తలేని భుజంతో అవ్వ ఆ పిల్లను చంకన వేసుకుని తీసుకుపోయింది. సూదిని చూసి సాయవ్వ గిలగిలా కొట్టుకుంటుంటే కాళ్లు పట్టుకునేది నేను.

సాయవ్వ పెద్దదైంది. "మా అవ్వ గొలుసు ఇప్పింది, గందుకే నా మొకం గిట్లయింది," అని బడిలో చెప్పింది, కట్టుకున్నవాడికి చెప్పింది, ఎవరడిగితే వాళ్లకు చెప్పింది. అవ్వ కాదనలేదు. నేనూ కాదనలేదు. మొదట నాయిన కర్రకు భయపడ్డాను. నాయిన పోయాక చెల్లెకు భయపడ్డాను. చివరికి అవ్వ మంచం పట్టినప్పుడు, "సాయిని పిలువు," అని మూడు రోజులు అడిగింది. సాయవ్వ వచ్చింది గానీ గడప దాటలేదు. అవ్వ నోట్లో తులసినీళ్లు నేనే పోశాను. అవ్వ కళ్లు మాత్రం గడప మీదే ఉన్నాయి. అప్పుడైనా చెప్పాల్సింది. వాకిలి నిండా జనం ఉన్నారని సాకు చెప్పుకున్నాను.

ఇగ మొన్నటి సంగతి. శ్రావణి పట్టు విడవలేదు. సరే, పోదాం పద, కానీ తల్లిని చూపిస్తేనే అన్నాను. బోధన్ రోడ్డులో ఇల్లు బాగానే ఉంది, ముందర పూల కుండీలు. ముప్పై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, కుక్కపిల్లను తువ్వాలలో చుట్టుకొచ్చి శ్రావణి చేతుల్లో పెట్టేశాడు. ఎంత తెలివి చూడండి, చేతిలో పెట్టాక ఎవరు కింద పెడతారు? నెల కూడా నిండి ఉండదు, వణుకుతోంది. సూదులు వేయించానని ఒక కార్డు చూపించాడు. శ్రావణి తిప్పి చూసింది, పేరూ లేదు, సంతకమూ లేదు.

"దీని తల్లేది అయ్యా?" అన్నాను.

"తల్లి హైదరాబాద్ల ఉందవ్వా. పెద్ద బ్రీడు."

"తల్లి హైదరాబాద్ల ఉంటే పాలెవలిస్తుండ్రు, నువ్విస్తున్నవా?"

శ్రావణికి నవ్వొచ్చింది, ఆయనకు రాలేదు. అప్పుడే ఇంటి వెనక నుంచి గాలి తిరిగింది. దాదారావు వాకిట్లో కొట్టిన ఆ డోంగ్లి వాసన. నా కాళ్లు వాటంతట అవే నడిచాయి. వెనక రేకుల షెడ్డు, తలుపుకు తీగ చుట్టి ఉంది. తీగ లాగేశాను. లోపల కోళ్లను పెట్టే తీగ జాలీలు, ఒకదాని మీద ఒకటి. కింది దాంట్లో తెల్లకుక్క, బొచ్చంతా మూత్రానికి గడ్డకట్టి, పొదుగు పుండ్లు పడి, నిలబడటానికి ఎత్తు లేక మోకాళ్ల మీద వంగి ఉంది. వెలుతురుకు కళ్లు మూసుకుంది, మొరగలేదు. శ్రావణి బావురుమంది. "అమ్మమ్మా, ఈ ఒక్కపిల్లనన్న తీస్కపోదం. ఇదన్న బతుకుతది," అంది. నాకు మాత్రం ప్రాణం కొట్టుకోలేదా? అయినా శ్రావణి చేతుల్లోంచి పిల్లను తీసి తల్లి జాలీలో పెట్టాను. "మనం కొంటే గా తల్లిని మళ్ల ఈనిపిస్తడు బిడ్డా. కొనేటోళ్లున్నన్ని దినాలు దాన్ని బయటికి తియ్యడు," అన్నాను.

ఆ మనిషి నా భుజం పట్టి నెట్టాడు. రేకు అంచుకు మోచెయ్యి తెగింది. కింద పడ్డదాన్ని లేచి చెప్పు తీశాను. మా నాయిన ఇంట్లో గుంజకు ఆనుకుని నిలబడ్డ పదేళ్ల పిల్ల ఆ రోజు ఎత్తలేని చెయ్యి ఇప్పుడు లేచింది. మూతి మీద ఒకటి, చెవి మీద ఒకటి కొట్టాను. "ముసలిదానా!" అని ఆయన పిడికిలి ఎత్తాడు. శ్రావణి ఏడుస్తూనే ఫోను ఎదురుగా పట్టింది. "కొట్టు, కొట్టు, అందరు సూస్తరు," అంది. చెయ్యి దించాడు. ఆ వీడియో తీసుకుని పశువుల దవాఖానకూ పోలీసుల దగ్గరికీ తిరిగింది పిల్ల. నాలుగో రోజుకు షెడ్డుకు తాళం పడింది. ఆ తల్లి ఎటుపోయిందో నాకు తెలియదు. బాగుపడిందని చెప్పాలని ఉంది, కానీ చూడంది చెప్పను.

ఆ రోజు ఇంటికి వచ్చాక నా మోచేతికి పసుపు పెట్టింది సాయవ్వే. "గీ వయసుల నీకెందుకే కొట్లాట? ఎవని కుక్క ఎట్లపోతే నీకేంది?" అని తిడుతూ పెట్టింది. దెబ్బ మంటో, ఆ వాసనో, ఇక ఆగలేకపోయాను. అంతా చెప్పాను. చెవి పట్టి ఎత్తిన దగ్గర నుంచి, గొలుసు విప్పిన దాకా, అవ్వ నేనే అన్నదాకా. సాయవ్వ చేతిలో పసుపు గిన్నె అలాగే ఉంది. ఆ గిన్నె నా ముఖాన కొట్టింది. తర్వాత చెంప మీద కొట్టింది, మళ్లీ కొట్టింది. శ్రావణి అడ్డం వస్తే ఆపాను.

"అవ్వ సచ్చిననాడు నేను ముట్టలే," అంది సాయవ్వ, ఆ మూతపడని పక్క నుంచి మాట తడితడిగా కారుతుంటే. "నీళ్లడిగింది, పోయలే. నువ్వు సూసుకుంట నిలబడ్డవ్. గా కుక్క నా మొకం ఒక్కటే పీకిందే అక్కా. నువ్వు నా తల్లిని పీకినవ్."

ఆ రోజు నుంచి సాయవ్వ వేరే పొయ్యి పెట్టుకుంది. నాతో మాట బంద్. ఆ రోజుల్లోనే ఒక పొద్దున, తండా నుంచి మాకు పాలు పోసే సోనీబాయి గుమ్మంలో నిలబడి, తన కుక్క మోతీ ఈనిందని శ్రావణితో అంది. అది సాదా ఊరకుక్కే, మేకలకు కాపలా. "కానీ ఊకనే ఇయ్య," అంది. "గొలుసేస్తరా? పొద్దంత ఇంట్ల ఎవలుంటరు? సూదులేపిస్తరా? పాలు మరిసేదాక ఆగుతరా?" శ్రావణి నవ్వి, "గిన్ని సవాళ్లా సోనక్కా!" అంటే, "నా బిడ్డ లగ్గానికి గూడ గిన్ని అడగలే, గందుకే ఇప్పుడు అడుగుతున్న," అంది. తలుపు చాటున సాయవ్వ వింటోందని నాకు తెలుసు. కుక్కనిచ్చే మనిషి మనల్ని అడగాలి, చేతిలో పెట్టేసి పొమ్మనకూడదు. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు ఇంత వయసు పట్టింది. ఆ కాలంలో మేము తల్లిని కళ్లారా చూసి, దాని నొప్పినే పౌరుషమనుకుని తప్పు చేశాం. ఈ కాలం పిల్లలు తల్లిని చూడకుండా, రిబ్బను చూసి చేస్తున్నారు. ఏది పెద్ద తప్పో నేను చెప్పలేను. ఎదురింటి మంచి తల్లిని వద్దన్న నాడే మా ఇల్లు కాలిందని మాత్రం చెప్పగలను.

మరునాడు సాయవ్వ ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి తండాకు వెళ్లింది. ఇన్నేళ్లలో వీధిలో కుక్క కనపడితే సందు మార్చుకుని తిరిగిన మనిషి. సాయంత్రం వచ్చి చీరెకంటిన బొచ్చు దులుపుకుంటూ, నాతో కాదు, శ్రావణితో చెప్పింది: "పొద్దంత దాని పక్కన్నే కూసున్న. పిల్లను ముడితే ఒక్కపారి గుర్రుమంది. చెయ్యి వాసన సూసింది, ఇడిసింది. గంతే. మంచి తల్లి. రెండు నెల్లు దానికాడనే ఉండనీయ్, తొందరపడకు." చెప్పి గోడ వైపు తిరిగి నీళ్లు తాగింది. అప్పటి నుంచి వారానికొకసారి వెళ్లి వస్తోంది, మోతీకి జొన్నరొట్టెలు కట్టుకుని. నా దిక్కు చూడదు. నేనడగను. అడిగే హక్కు నాకెక్కడిది?

ఇవాళ పొద్దున ఇది రాస్తూ శ్రావణి కళ్లు తుడుచుకుంటోంది. బయట ఆటో హారన్ కొట్టింది. సాయవ్వ రొట్టెల మూట చంకన పెట్టుకుని గడప దాటింది, రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఆటో ఆగింది," అంది. "వస్తవా, గీడనే కూసోని సస్తవా?"